ఇంటి పాటల పుస్తకం రాసుకోవడం ఎలా: కాపర్ల ఇంట్లో చూసి నేర్చుకున్నది

ఇంగ్లండులో కాపర్లని ఒక కుటుంబం ఉంది. దక్షిణాన ససెక్స్ ప్రాంతంలో, బ్రైటన్ పక్కనే సముద్రం ఒడ్డున రాటింగ్‌డీన్ అనే ఊరు వాళ్లది. ఒకరు గొర్రెలు కాశారు, ఒకరు గుర్రబ్బండి తోలారు, ఒకరు రైతు దగ్గర పొలం పెత్తనం చేశారు, తర్వాతి తరంలో ఒకాయన కొన్నాళ్లు పోలీసు ఉద్యోగం కూడా చేశాడు. తరతరాలుగా అవే పాటలు, వాయిద్యం ఒక్కటీ లేకుండా, ఇంట్లోనో ఊరి సారాదుకాణంలోనో కూచుని పాడుకుంటూ వచ్చారు. వాళ్లు చేసిందల్లా అదే. దానికే నేను ఫ్లాట్ అయిపోయాను.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. కొన్నేళ్ల కిందట ఒక రాత్రి నిద్ర పట్టక ఫోనులో పాటలు వింటూ ఉంటే, ఒకటి అయ్యాక ఇంకొకటి దానంతటదే వచ్చేస్తుంది కదా, ఆ వరసలో రెండు మగ గొంతులు వచ్చాయి. మాటలు సగం కూడా అర్థం కాలేదు. కానీ ఆ గొంతులు ఎక్కడో విన్నట్టే ఉన్నాయి. మా మామ్మా ఆవిడ తోటికోడలూ తిరగలి దగ్గర ఎదురెదురుగా కూచుని పాడుతున్నప్పుడు గొంతు అచ్చం ఇలాగే ఉండేది, నేను బాగా పాడుతున్నానా లేదా అన్న బెంగ ఏ కోశానా లేని గొంతు. తెల్లారి లేచి మొదట చేసిన పని మామ్మకి ఫోన్ చేయడం. "నానేటి పాడతాన్రా నాయినా, పళ్లూ లేవు పాటలూ లేవు" అంది. అబద్ధం. ఇప్పుడు మా ఇంటి పుస్తకంలో ఆవిడవే పంతొమ్మిది పాటలున్నాయి.

ఆ పుస్తకం ఎలా తయారైందో, ఎక్కడెక్కడ బోల్తాపడ్డానో చెబుతాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ పండక్కే మొదలుపెట్టండి.

ముందు మీరు కాపర్ల పాటలు కొన్ని వినాలి. ఇంగ్లీషు రాకపోయినా పరవాలేదు. వాళ్లవి 1971లో నాలుగు రికార్డుల పెట్టెగా వచ్చాయి. అదే ఏడు బాబ్ కాపర్ తన కుటుంబం గురించి రాసిన పుస్తకం కూడా అచ్చయింది, రెండింటికీ పేరు 'ఎ సాంగ్ ఫర్ ఎవ్రీ సీజన్'. పేరులో ఉన్నట్టే ప్రతి కాలానికీ ఒక పాట: దున్నేటప్పుడు ఒకటి, గొర్రెల ఉన్ని కత్తిరించేటప్పుడు ఒకటి, కోతలయ్యాక ఒకటి, క్రిస్మస్‌కి ఒకటి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి కింది గొంతును మాత్రమే పట్టుకుని వినండి. మన దగ్గర వంత అంటే ముందు ఒకరు చరణం అంటారు, వెనక మిగతావాళ్లు అదే అందుకుంటారు. జముకుల కథలోనూ అంతే, వరి నాట్లప్పుడు పాడే ఉబాల పాటలోనూ అంతే. కాపర్లది అలా కాదు. ఇద్దరూ ఒకేసారి, ఒకే మాట, కానీ వేరే వేరే స్వరాల్లో పాడతారు. పైగొంతు పాట నడిపిస్తుంటే కింది గొంతు తన దారిన తాను నడుస్తూ, చరణం చివర్లో వచ్చి కలుస్తుంది. చేలోకి వెళ్లే ఇద్దరు మనుషులు చెరో గట్టు మీద నడుచుకుంటూ వెళ్లి బోదె దగ్గర కలుసుకున్నట్టు. మొదట్లో నాకు ఇది శ్రుతి తప్పినట్టు అనిపించింది. నాలుగో పాటకల్లా అది లేని పాటలే బోసిగా అనిపించాయి.

ఒక్క పాటే వినే ఓపిక ఉంటే 'స్పెన్సర్ ద రోవర్' వినండి. కష్టాలు చుట్టుముట్టి మనసు చెదిరి ఇల్లు వదిలి దేశం పట్టుకు తిరిగిన స్పెన్సర్ అనేవాడి కథ అది. యార్క్‌షైర్‌లో రాథరామ్ దగ్గర ఒక నీటి ఊట పక్కన రొట్టె తిని, చన్నీళ్లు తాగి, నిద్రపోతాడు. పిల్లలు ఏడుస్తున్నట్టు అనిపించి ఇంటికి బయల్దేరతాడు. ఇంటికొచ్చాక ఏ అద్భుతమూ జరగదు, పిల్లలు చుట్టూ చేరి ముద్దుముద్దుగా ఏవో కబుర్లు చెబుతారు, వాడికి బెంగ తీరుతుంది, అంతే పాట. విశాఖో హైదరాబాదో చెన్నయ్యో పనికిపోయి, ఆరు నెలలకోసారి పలాసలోనో ఆమదాలవలసలోనో తెల్లవారుజామున రైలు దిగే మన జిల్లా మగవాళ్లకి ఈ పాట ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. మా బావకి వినిపించి కథ చెబితే, "ఆడిదే ఊరు, మన పక్కేనా?" అన్నాడు.

వాయిద్యాలు కావాలనుకునేవాళ్లకి వాటర్సన్-కార్తీ కుటుంబం ఉంది. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోయి నాయనమ్మల, అమ్మమ్మల తరం చేతుల్లో పెరిగిన నార్మా, మైక్, లాల్ అనే అక్కాతమ్ముడూ చెల్లెలూ హల్ పట్టణం నుంచి వచ్చారు. నార్మా భర్త మార్టిన్ కార్తీ గిటారు, వాళ్లమ్మాయి ఎలైజా ఫిడేలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు విన్న విజయనగరం చెవులకి ఎలైజా ఫిడేలు మోటుగా తోచవచ్చు, మోటుగానే ఉంటుంది, అది ఆడించడానికి వాయించే ఫిడేలు. వీళ్లూ గొప్పవాళ్లే. కానీ మన పనికి పాఠం కాపర్ల దగ్గరే ఉంది, ఎందుకంటే వాళ్లకి పాట వృత్తి కాదు.

ఇక అసలు పని. మొదటి చిక్కు ఎక్కడొస్తుందంటే, అడగడంలో. నేను మొదటిసారి వెళ్లి మామ్మ ముందు ఫోను పెట్టి "మామ్మా, ఒక పాత పాట పాడు" అన్నాను. ఆవిడ గొంతు సవరించుకుని, కొంగు సర్దుకుని, ఒక పాత సినిమా పాట అందుకుంది. ఆవిడ తప్పేం లేదు. పాట అంటే రేడియోలో వచ్చేది, తాను తిరగలి దగ్గర పాడేది పాట కాదు, పని.

దీనికి మందు 1898లోనే ఒకావిడ కనిపెట్టింది. ఆవిడ పేరు కేట్ లీ. లండన్‌లో అప్పుడే పుట్టిన ఫోక్ సాంగ్ సొసైటీకి కార్యదర్శి. రాటింగ్‌డీన్‌లో ఒక పెద్దింట్లో బస చేసి, ఊళ్లో బాగా పాడతారని పేరున్న అన్నదమ్ములు జేమ్స్ కాపర్‌నీ థామస్ కాపర్‌నీ పిలిపించింది. జేమ్స్‌ని ఊరంతా 'బ్రాసర్' అనేవారు, పొలం మేస్త్రీ. థామస్‌ది ఊళ్లో సారాదుకాణం. బల్ల మీద ఒక విస్కీ సీసా పెట్టి పాడమందట. ఎన్ని పాటలొచ్చని అడిగితే "ఓ అరవంద ఉంటాయి" అన్నారట. ఆవిడ పాట పాడండి అని ఊరుకోలేదు. ప్రేమ పాట వచ్చా, సముద్రం పాట వచ్చా, నాగలి పాట వచ్చా అని ఒక్కో రకం పేరు పెట్టి అడిగింది. ఏది అడిగినా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నవ్వకుండా, గంభీరంగా మొదలుపెట్టేసేవారట. అలా రాసుకున్న పాటలు మర్నాటి ఏడు ఆ సొసైటీ మొదటి పత్రికలో అచ్చయ్యాయి, అన్నదమ్ములిద్దరికీ గౌరవ సభ్యత్వం ఇచ్చారు.

కాబట్టి పాట అడక్కండి, పని అడగండి. "మామ్మా, ఉబాలప్పుడు ముందు వరసలో ఎవరుండేవారు? ఆవిడ ఏం అందుకునేది?" అనండి. "చోళ్లు విసిరేటప్పుడు నిద్రొస్తే ఏం చేసేవారు?" అనండి. "నాన్నని ఊయల్లో వేసి ఏమనేదానివి?" అనండి. నలుగు పెట్టేటప్పుడు, అప్పగింతలప్పుడు, కళ్లంలో రాశి పోసేటప్పుడు, గొబ్బిళ్లప్పుడు, అమ్మోరి సంబరంలో ఘటాలు ఎత్తేటప్పుడు, అలా ఒక్కొక్కటీ. సముద్రపు ఒడ్డు ఊళ్లయితే వల లాగేటప్పుడు. గొల్లపేటల్లో అయితే తప్పెటగుళ్లు ఆడిన తాతలు ఇంకా ఉంటారు, వాళ్ల దగ్గర పాటని కాలి అడుగు నుంచి విడదీసి అడగలేరు, లేచి నిలబడితేనే గుర్తొస్తుంది. మా మామ్మకి కూడా చేతిలో పని ఉంటేనే మాట వస్తుంది. అటక మీది తిరగలి దింపి కడిగి ముందు పెట్టాక, అందులో గింజ కూడా వేయకుండానే, చేయి తిప్పడం మొదలుపెట్టగానే రెండు నిమిషాల్లో పాట వచ్చింది. నాకు ఒళ్లు జలదరించింది, ఆవిడకి మాత్రం తిరగలి పిడి వదులైందన్న చిరాకే.

విస్కీ సీసా సంగతికొస్తే, మా ఇంట్లో దాని బదులు చుట్ట. మా వైపు ఆ వయసు ఆడవాళ్లు కొందరు అడ్డపొగ తాగుతారు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. డాక్టర్లు వద్దంటారు, నిజమే, నోటికి ప్రమాదం, నేనూ కొనివ్వను. కానీ ఆవిడ తెచ్చుకున్నది ఆవిడ కాలుస్తుంటే ఆ పది నిమిషాలూ పక్కన నోరు మూసుకుని కూచుంటాను. చుట్ట అయ్యాక వచ్చే పాటలే మంచి పాటలు. మీ ఇంట్లో అది టీ కావచ్చు, వక్కపలుకు కావచ్చు. ఏదైనా, వెళ్లగానే మొదలుపెట్టకండి. సాయంత్రం సీరియల్ టైములో అసలు వెళ్లకండి.

రికార్డింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఫోను చాలు. నేను చేసిన తప్పులు చెబుతాను, చాలు. మొదటి రోజు నలభై నిమిషాలు రికార్డు చేశాను, ఇంటికొచ్చి వింటే ఫ్యాను పాడుతోంది, మామ్మ వంత పాడుతోంది. ఫ్యాను కట్టేయండి, చెమట పడితే పట్టనీండి. రెండో రోజు మధ్యలో ఎవరో ఫోన్ చేశారు, రికార్డింగ్ ఆగిపోయింది. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. ఫోను చేత్తో పట్టుకోకండి, మడత పెట్టిన తువ్వాలు మీద పాడేవాళ్ల నోటికి ఒకటి రెండు అడుగుల దూరంలో పెట్టి మరిచిపోండి. స్క్రీను వాళ్లకి కనిపించకూడదు, కనిపిస్తే చూపు దాని మీదే ఉంటుంది. మొదలుపెట్టే ముందు మీ గొంతుతో తేదీ, ఊరు, పాడుతున్నది ఎవరు అన్నది చెప్పండి. ఇప్పుడు అనవసరం అనిపిస్తుంది. మూడేళ్లు పోయాక అరవై ఫైళ్లు ఒకేలాంటి అంకెల పేర్లతో కనిపిస్తే అప్పుడు తెలుస్తుంది. వీడియో వద్దు. వీడియో అనగానే మా అత్తలు చీర మార్చుకోవడానికి లేచారు, తిరిగొచ్చేసరికి పాడే మూడు పోయింది.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. మా కజిన్ ఒకడు అత్త పాడుతున్నప్పుడు చాటుగా తీసి కుటుంబం గ్రూపులో పెట్టాడు. ఎవరో నవ్వు బొమ్మలు పెట్టారు. అత్త మూడు నెలలు నోరు తెరవలేదు, ఎంత బతిమాలినా. అడిగి పెట్టండి. వద్దంటే పెట్టకండి. చావింట్లో పాడే ఏడుపు పాటల్లాంటివి మామూలు రోజున పాడమని కూడా అడక్కూడదు, మా మామ్మ మాటలో చెప్పాలంటే అది ఇంటికి మంచిది కాదు.

ఇప్పుడు రాయడం. కాపర్ల కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం కేట్ లీ రావడం కాదు, ఆ తర్వాత యాభై ఏళ్లు ఎవరూ రాకపోవడం. గ్రామఫోన్లు వచ్చాయి, పాత పాటలంటే జనానికి నవ్వు వచ్చింది, మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక గొర్రెలు మేసిన గుట్టల మీద ఇళ్ల ప్లాట్లు వేశారు. బయట ఒక్కడూ అడగని ఆ రోజుల్లో, 1936లో, బ్రాసర్ కొడుకు జిమ్ కాపర్ ఒక పుస్తకం తీసుకుని, ఇంట్లో పాటల మాటలన్నీ తన చేత్తో రాసిపెట్టాడు. పిల్లల కోసం. స్వరాలు రాయలేదు, స్వరం నోటినుంచి నోటికే. 1950లో ఇంటి నుంచి రేడియోకి ఒక ఉత్తరం వెళ్లింది, మాకూ ఇలాంటి పాటలు వచ్చని. బీబీసీ వాళ్లు వచ్చి చూస్తే పాటలన్నీ బతికే ఉన్నాయి. 1952లో జిమ్, అతని అన్న జాన్, వాళ్ల కొడుకులు బాబ్, రాన్ నలుగురూ లండన్‌లోని ఆల్బర్ట్ హాల్లో పాడారు. గొర్రెల కాపరి, బండి తోలినవాడు, అంత పెద్ద హాల్లో, ఇంట్లో పాడినట్టే. ఇప్పటికీ ఆ కుటుంబం పాడేటప్పుడు చేతిలో పాటల పుస్తకం పట్టుకుని పాడుతుంది. మాటలు రాక కాదనుకుంటాను. ఇది మాది అని.

జిమ్ లాగే మీరూ ఒక పుస్తకం కొనండి. కంప్యూటర్లో తర్వాత ఎక్కించుకోవచ్చు, ముందు చేత్తో రాయండి. గట్టి అట్ట ఉన్న రూళ్ల పుస్తకం, రెండు వందల పేజీలది. కుడి పేజీలో పాట, ఎడమ పేజీ ఖాళీ. ఆ ఖాళీ పేజీ ఎందుకో కాసేపట్లో చెబుతాను.

రాసేటప్పుడు చదువుకున్నవాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. మామ్మ "ఎలిపోనాడు" అని పాడితే నేను "వెళ్ళిపోయాడు" అని రాశాను. "సేను" అంటే "చేను" అని దిద్దాను. రాసినదాన్ని తిరిగి పాడి చూద్దుము కదా, ఒక్క చరణం కూడా తాళానికి రాదు, ఎక్కడికక్కడ కాలు తడబడినట్టు. పాటని కొలిచి కట్టింది ఆ మాటతో, మాట మారిస్తే కొలత పోతుంది. ఈ సంగతి మనకి ఎవరో ఇంగ్లండు వాళ్లు చెప్పక్కర్లేదు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జీవితమంతా చెప్పింది ఇదే, జనం మాట్లాడే భాషే భాష అని. పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, వాళ్ల పాటలూ కథలూ వాళ్ల నోట్లో ఉన్నట్టే రాసుకున్నారు. 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. వేరే జాతి మాటని ఆయన దిద్దకుండా రాస్తే, నా సొంత మామ్మ మాటని నేను దిద్దాను, చూడండి నా తెలివి. పుస్తకంలో మొదటి పదకొండు పేజీలు చింపేసి మళ్లీ రాశాను.

మాట అర్థం కాకపోతే వినబడినట్టే రాసి కింద గీత పెట్టండి. ఊహించి పూరించకండి. వాళ్లనే అడిగినా "ఏటో, అలాగే పాడీవోళ్లం" అంటారు. సరే, అలాగే రాయండి. కాపర్ల పాటల్లో కూడా నోటికీ నోటికీ అరిగిపోయి అర్థం సగమే మిగిలిన మాటలున్నాయి, వాళ్లు వాటిని అరిగినట్టే పాడతారు. బూతు వస్తే బూతే రాయండి. ఉబాల పాటల్లో వదినా మరదళ్ల ఎకసెక్కాలు తీసేస్తే మిగిలేది బురదే.

ఎడమ పేజీ సంగతి. అక్కడ పాట ఎవరు పాడారు, వాళ్లకి ఎవరు నేర్పారు, ఏ పనికి, ఏ నెలలో అని రాయాలి. ముఖ్యంగా ఏ ఊరు అని. ఇక్కడే కాపర్లకీ మనకీ దారులు వేరవుతాయి. వాళ్లది తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి, ఒకే ఊరు, ఒకే ఇంటి పేరు మీద నడిచిన పాట. బాబ్ తరం దాకా ఎక్కువగా మగ గొంతులే, ఆ తర్వాత బాబ్ కొడుకు జాన్‌తో పాటు కూతురు జిల్, ఆమె భర్త కూడా కలిశారు. మన ఇళ్లల్లో పాట కోడలితో పాటు వస్తుంది. మామ్మ పాటల్లో మా ఊరివి అయిదో ఆరో, మిగతావన్నీ ఆవిడ కన్నవారి ఊరు టెక్కలి వైపువి. మా అమ్మవి పాలకొండవి. చిన్నాన్న భార్య బొబ్బిలి నుంచి తెచ్చినవి నాలుగు, వాటి నడకే వేరు. మా ఇంటి పాటలు అని గర్వంగా మొదలుపెడితే, ఎడమ పేజీలన్నీ నిండాక చూస్తే, మా ఇంటి పేరున్న మగాళ్లు తెచ్చినవి రెండే, ఒకటి కుప్ప నూర్పుల పాట, రెండోది మా తాత తాగినప్పుడు పాడేది. కాబట్టి పుస్తకం మీద ఇంటి పేరు రాయకండి. మేం రాయలేదు.

ఒకే పాట ఇద్దరు రెండు రకాలుగా పాడితే ఏది సరైనది అని పంచాయతీ పెట్టకండి. రెండూ రాయండి. ఖాళీ పేజీ దానికే. మా అమ్మా చిన్నమ్మా ఒక లాలిపాట మూడో చరణం దగ్గర ఇప్పటికీ పడరు.

రాశాక పుస్తకం బీరువాలో పెడితే మాత్రం పని వృథా. ఇది నేను గట్టిగా చెప్పదలుచుకున్నది. జిల్లాల్లో తిరిగి పాటలు సేకరించినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి దణ్ణం, కానీ వాళ్ల టేపుల్లో పాట నిద్రపోతుంది. బాబ్ కాపర్ కూడా 1950ల్లో బీబీసీ తరఫున ఊళ్లు తిరిగి ఎందరో ముసలివాళ్ల పాటలు రికార్డు చేశాడు. అయినా తన ఇంట్లో పాడటం ఆపలేదు. ఆయన పోయింది 2004 మార్చిలో, దానికి నాలుగు రోజుల ముందు ప్రభుత్వం ఎంబీయీ బిరుదు ఇచ్చింది. అప్పటికి ఆరుగురు మనవలూ మనవరాళ్లూ ఈ పాటలు పాడుతున్నారు, తర్వాత వాళ్ల పేరుతో ఒక ఆల్బమ్ కూడా వచ్చింది.

పిల్లల చేత పాడించాలంటే ఎలా? క్లాసు పెట్టకండి, టెన్షన్ పెట్టకండి. నేను ఆదివారం రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద కూచుంటే చాలన్నాను. ఒక్క పాట, అయిదు నిమిషాలు. మొదటి నెల నేనూ అమ్మా మామ్మా. పిల్లలు లోపల ఫోన్లతో. రెండో నెలలో కరెంటు పోయింది, బయటికొచ్చారు. ఆ రాత్రి పాడింది చిన్నపిల్లలకి నచ్చే లెక్కల పాట, ఒక్కో చరణానికి ఒక్కో వస్తువు పెరుగుతూ పోయేది, తప్పినవాడు బయటికి. మనవల్ని లాగడానికి ఇలాంటిది ఒకటి ముందు పెట్టుకోండి. కాపర్ల పాటల్లో కూడా ఇలాంటి సరదా పాట ఒకటుంది, డేమ్ డర్డెన్ అనే ఆవిడ ఇంటి పనివాళ్ల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాలి.

మా అన్న కొడుకు కీబోర్డు నేర్చుకుంటున్నాడు, తెస్తానన్నాడు. వద్దన్నాను. కోపమొచ్చింది వాడికి. కీబోర్డు పెడితే మామ్మ దాని శ్రుతికి రావాలి, ఈ వయసులో ఆవిడ ఎందుకు రావాలి? మామ్మ ఎత్తుకున్న శ్రుతికే మనం వెళ్లాలి, వాతావరణాన్ని బట్టి అది రోజుకొకటి. కానీ వాడి కోపం ఊరికే పోలేదు. కాపర్ల కింది గొంతు వినిపించి, మామ్మ పాడుతుంటే నువ్వు ఇలా ఇంకో దారిలో పాడి చూడు అన్నాను. ఉబాల పాటకి అది అస్సలు కుదరలేదు, వంతకే కుదురుతుంది. లాలిపాటకి మాత్రం ఎలాగో అతుక్కుంది. మామ్మ మధ్యలో ఆగి, "ఈ గుంటడు తప్పు పాడతన్నాడు" అంది. అయినా ఆపమనలేదు.

పాట ఏ కాలానిది ఆ కాలంలోనే పాడించడం మంచిది. ససెక్స్‌లో ఉన్ని కత్తిరింపులు అయిపోయిన ఆఖరి రాత్రి అందరూ సారాదుకాణంలో చేరి లెక్కలు చూసుకుని తిని తాగి పాడుకునేవారు, దాన్ని 'బ్లాక్ ర్యామ్' అనేవారు, అంటే నల్ల పొట్టేలు. మనకి కూడా ఆఖరి మడి నాటిన రోజు, ఆఖరి కుప్ప నూర్చిన రోజు ఉన్నాయి. ఇప్పుడు కోతకి మిషను వస్తోంది, మధ్యాహ్నానికి అయిపోతుంది, పాడటానికి ఎవరూ ఉండరు. మేం పోయిన సంక్రాంతికి మిషను వెళ్లిపోయాక ఆ చేలోనే గట్టు మీద పులిహోర తింటూ నూర్పుల పాట పాడాం. మిషను తోలిన కుర్రాడు ఆగి చూసి, తన పాట ఒకటి పాడి వెళ్లాడు. అదీ పుస్తకంలో ఉంది, ఎడమ పేజీలో ఊరు పేరు పార్వతీపురం.

నకళ్లు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు ఉద్దానంలో మా బంధువుల ఇంటి పైకప్పు లేచిపోయింది, కొబ్బరి చెట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్లింట్లో తాతగారు రాసుకున్న భజన పుస్తకం ఒకటి ఉండేది. తడిసి ముద్దయి, ఆరబెడితే ఒక్క పేజీ కూడా విడలేదు. కాబట్టి జిరాక్సు తీయించండి, కనీసం మూడు, మూడు వేర్వేరు ఊళ్లల్లో ఉంచండి. ఫైళ్లు కూడా అంతే, ఒకటి ఫోనులో, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి ఇంటర్నెట్‌లో మీ ఖాతాలో. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పైన వేపాకు వేయండి, చెదలు రాకుండా. పేజీలకి లామినేషన్ మాత్రం వద్దు, ఎడమ పేజీ మీద మళ్లీ రాయలేం.

మూడు జిరాక్సుల్లో ఒకటి ఎక్కడ ఉంచాలో మేం ఆలోచించక్కర్లేకపోయింది. పోయిన మాఘంలో మా చెల్లెలి కూతురి పెళ్లయింది, రాజాం వైపు ఇచ్చాం. సారెలో చలిమిడి, అరిసెలు, చీరలతో పాటు ఒక కాపీ స్పైరల్ బైండింగ్ చేయించి పెట్టాం. సారె పంచేటప్పుడు అది చూసి వియ్యపురాలు "ఇదేటమ్మా, లెక్కల పుస్తకమా?" అందట. పిల్ల చెప్పింది. ఆవిడ కళ్లజోడు తెప్పించుకుని మధ్యలో ఎక్కడో తెరిచి, నాలుగు చరణాలు పెదాలు కదుపుతూ చదువుకుని, "మా ఊళ్లో దీని రెండో చరణం ఇలగుండదు" అని మొదలుపెట్టిందట. మా పిల్ల రికార్డు చేయడం మరిచిపోయింది. మళ్లీ పాడించమని ఉగాదికి ఫోన్ చేసి చెప్పాను, ముందు ఫ్యాను కట్టమని కూడా చెప్పాను.